చార్లీ బార్

చార్లెస్ బార్ (1864 జూలై 11 - 1911 జనవరి 24) స్కాట్లాండులో జన్మించి అమెరికా పౌరసత్వం స్వీకరించిన ప్రఖ్యాత నావికుడు, వృత్తిరీత్యా పందెపు పడవల సారథి. చార్లీ బార్‌గా ప్రసిద్ధుడు. తెరచాప పడవల పందేలలో అత్యున్నతమైనదిగా భావించే అమెరికాస్ కప్‌ను న్యూయార్క్ యాట్ క్లబ్ తరఫున 1899, 1901, 1903 సంవత్సరాలలో వరుసగా మూడుసార్లు నిలబెట్టాడు. 1905లో అట్లాంటిక్ అనే మూడు స్తంభాల స్కూనర్‌ను నడిపి, అట్లాంటిక్ మహాసముద్రాన్ని 12 రోజుల 4 గంటల 1 నిమిషం 19 సెకన్లలో దాటి, 75 సంవత్సరాలపాటు నిలిచిన రికార్డును స్థాపించాడు. యజమాని ధనవంతుడు, సారథి జీతగాడు అయిన ఆ కాలంలో, పడవ కదులుతున్నంతసేపు ఆజ్ఞ ఒక్కరిదే కావాలన్న పద్ధతికి బార్ జీవితం ఒక ఉదాహరణగా నిలిచింది.

నేపథ్యం

విహారానికి, పందేలకు వాడే తెరచాప పడవను యాట్ అంటారు. 1851లో ఇంగ్లాండులోని వైట్ ద్వీపం చుట్టూ జరిగిన పందెంలో అమెరికా అనే పేరు గల స్కూనర్ గెలిచి ఒక వెండి కప్పును సంపాదించింది. 1857లో ఆ కప్పును న్యూయార్క్ యాట్ క్లబ్‌కు అప్పగించారు. ఏ దేశపు క్లబ్ అయినా సవాలు విసిరి పోటీకి రావచ్చునన్నది దాని నియమం. గెలిచిన పడవ పేరు మీదనే దానికి అమెరికాస్ కప్ అనే పేరు వచ్చింది.

19వ శతాబ్ది చివరి నాటికి ఈ పోటీ రెండు దేశాల ధనవంతుల ప్రతిష్ఠకు సంబంధించిన విషయంగా మారింది. పడవల నిర్మాణానికి అపారమైన ధనం ఖర్చయ్యేది. యజమానులు బ్యాంకర్లు, రైలుమార్గాల అధిపతులు, వర్తకులు. అయితే పడవను నడిపేవారు మాత్రం మత్స్యకార గ్రామాల నుండి, రేవు పట్టణాల నుండి జీతానికి వచ్చిన నావికులు. చలికాలంలో చేపలు పట్టి, వేసవిలో యాట్‌ల మీద పనిచేయడం వారి జీవనాధారం. యాట్‌కు సారథిగా ఎదగడం ఆ కుటుంబాలలోని యువకులకు అందుబాటులో ఉన్న గొప్ప హోదా.

పందెం సమయంలో పడవ వెనుక భాగంలో యజమాని, ఆయన ప్రతినిధి, రూపకర్త, ఇతర సలహాదారులు ఉండేవారు. సారథి కూడా అక్కడే చుక్కాని వద్ద నిలబడేవాడు. ఎప్పుడు మలుపు తిప్పాలి, ఏ తెరచాప ఎత్తాలి అన్న నిర్ణయం ఎవరిదన్న విషయంలో స్పష్టత ఉండేది కాదు. 1893 పోటీలో విజిలెంట్ అనే అమెరికన్ పడవ చుక్కానిని దాని రూపకర్త నథానియెల్ హెరెషాఫ్ స్వయంగా పట్టాడు. జీతగాడైన సారథికి పూర్తి అధికారం ఇవ్వవచ్చునా అన్నది ఆనాటికి తేలని ప్రశ్న.

జననం, తొలి జీవితం

చార్లీ బార్ స్కాట్లాండులో క్లైడ్ నదీముఖం ఒడ్డున ఉన్న గూరాక్ పట్టణంలో 1864 జూలై 11న జన్మించాడు. క్లైడ్ తీరం ఆనాడు నౌకా నిర్మాణానికి ప్రపంచ ప్రసిద్ధి గాంచిన ప్రాంతం. జార్జ్ వాట్సన్, విలియం ఫైఫ్ వంటి పేరుమోసిన యాట్ రూపకర్తలు ఆ ప్రాంతంవారే. బార్‌ను మొదట ఒక కిరాణా వర్తకుని వద్ద పని నేర్చుకోవడానికి పెట్టారు. ఆ పనిని వదిలి ఆయన చేపల పడవల మీదికి వెళ్ళాడు. చలికాలపు సముద్రంలో వలలు లాగే కఠినమైన పనిలోనే ఆయనకు నావిక విద్య అబ్బింది.

బార్ అన్న జాన్ బార్ అప్పటికే పేరున్న యాట్ సారథి. అన్న వద్దనే చార్లీ పందెపు పడవల పనిలో ప్రవేశించాడు. 1880ల మధ్యలో క్లారా అనే పడవను అమెరికాకు చేర్చే పని అన్నదమ్ములకు దొరికింది. విలియం ఫైఫ్ రూపొందించిన ఈ సన్నని, లోతైన పడవతో వారు అట్లాంటిక్‌ను దాటారు. చార్లీ అమెరికా తీరాన్ని చూడడం ఈ ప్రయాణంతోనే మొదలైంది.

1887లో స్కాట్లాండు నుండి థిసిల్ అనే పడవ అమెరికాస్ కప్‌కు సవాలుగా వచ్చింది. దాని రూపకర్త జార్జ్ వాట్సన్, సారథి జాన్ బార్. ఎడ్వర్డ్ బర్జెస్ రూపొందించగా హ్యాంక్ హాఫ్ నడిపిన వాలంటీర్ అనే అమెరికన్ పడవ చేతిలో థిసిల్ రెండు పందేలలోనూ ఓడిపోయింది. అన్న గెలవలేకపోయిన ఆ కప్పును తరువాతి కాలంలో తమ్ముడు అవతలి పక్షాన నిలిచి మూడుసార్లు కాపాడడం చరిత్రలో ఒక విశేషం.

మినర్వా

బార్‌కు సొంతంగా పేరు తెచ్చిన పడవ మినర్వా. ఇది కూడా ఫైఫ్ రూపొందించినదే. నీటిమట్టం వద్ద 40 అడుగుల పొడవున్న తరగతికి చెందినది. 1888లో బార్ దీనికి సారథిగా అట్లాంటిక్‌ను దాటి అమెరికాకు తీసుకువచ్చాడు. అప్పటికి ఆయన వయస్సు 24 సంవత్సరాలు. 1889 వేసవిలో అదే తరగతికి చెందిన అమెరికన్ పడవలను మినర్వా పదేపదే ఓడించింది. వాటిలో చాలా పడవలకు మినర్వా కంటే పెద్ద తెరచాపలుండేవి. గాలిబలం తక్కువగా అందే పడవ గెలవడంతో అందరి దృష్టి రూపకర్త మీదనే కాక సారథి మీద కూడా పడింది.

ఈ విజయాల తరువాత బార్ అమెరికాలోనే స్థిరపడి, ఆ దేశపు పౌరసత్వం స్వీకరించాడు. 1892లో హెరెషాఫ్ రూపొందించిన వాస్ప్ అనే 46 అడుగుల తరగతి పడవకు సారథ్యం వహించాడు. ఇక్కడి నుండి హెరెషాఫ్ నిర్మించిన పడవలతో బార్‌కు ఏర్పడిన అనుబంధం చివరివరకు కొనసాగింది.

నవహో, విజిలెంట్

1893లో రాయల్ ఫెల్ప్స్ కారొల్ అనే అమెరికన్ యజమాని తన కొత్త పడవ నవహోను ఇంగ్లాండుకు తీసుకువెళ్ళాడు. సారథి బార్. అక్కడ వేల్స్ యువరాజు పడవ బ్రిటానియా ముందు నవహో చాలా పందేలలో నిలవలేకపోయింది. అయితే వైట్ ద్వీపం పశ్చిమాగ్రం నుండి ఫ్రాన్సులోని షేర్‌బుర్గ్ వరకు వెళ్ళి తిరిగివచ్చే బ్రెంటన్ రీఫ్ కప్ పందెంలో రెండు పడవలూ కొద్ది సెకన్ల తేడాతో గమ్యం చేరాయి. ముగింపు రేఖ విషయంలో అభ్యంతరం రాగా, విచారణ అనంతరం కప్పును నవహోకు ఇచ్చారు. నిదానమైన పడవతో కూడా చివరి క్షణం వరకు పోరాడడం ఈ పందెంలో కనిపించింది.

1895లో అమెరికాస్ కప్ రక్షణకు డిఫెండర్ అనే కొత్త పడవను నిర్మించారు. దానికి సానపెట్టే పోటీదారుగా పాత విజిలెంట్‌ను సిద్ధం చేసి బార్‌కు అప్పగించారు. డిఫెండర్ ఎంపికయింది. ఆ పడవ సిబ్బందిని మెయిన్ రాష్ట్రంలోని డీర్ ఐల్ అనే ద్వీపం నుండి ఎంపిక చేశారు. అంతకుముందు అమెరికన్ యాట్‌ల మీద ఎక్కువగా స్కాండినేవియా నావికులే ఉండేవారు. కప్పును కాపాడేవారు అమెరికాలో పుట్టినవారే కావాలన్న అభిప్రాయానికి ఈ ఎంపిక అద్దం పట్టింది. స్కాట్లాండులో పుట్టిన బార్‌కు ఈ అభిప్రాయం ముందు ముందు ఒక అడ్డంకిగా ఎదురయింది.

1899: కొలంబియా

1899లో సర్ థామస్ లిప్టన్ సవాలు విసిరాడు. గ్లాస్గోలో కిరాణా దుకాణంతో ఆరంభించి తేయాకు వ్యాపారంలో కోటీశ్వరుడైన లిప్టన్ పేరు టీ పొట్లాల ద్వారా తెలుగువారికీ సుపరిచితమే. ఆయన రాయల్ అల్‌స్టర్ యాట్ క్లబ్ తరఫున ఫైఫ్ రూపొందించిన షామ్‌రాక్‌తో వచ్చాడు. న్యూయార్క్ క్లబ్ పక్షాన జె. పియర్‌పాంట్ మోర్గాన్ ప్రధాన పెట్టుబడితో హెరెషాఫ్ కొలంబియాను నిర్మించాడు. సి. ఆలివర్ ఇజెలిన్ దాని నిర్వాహకుడు. సారథిగా బార్‌ను నియమించారు.

స్కాట్లాండు మూలాలు గల వ్యక్తి చేతికి అమెరికా కప్పును అప్పగించడం కొందరికి నచ్చలేదు. పౌరసత్వం స్వీకరించినప్పటికీ ఆయనను విదేశీయుడుగా చూసినవారున్నారు. సిబ్బందిని మాత్రం ఈసారి కూడా డీర్ ఐల్ నుండే తీసుకున్నారు. తమ ద్వీపంలో ఒకరినొకరు ఎరిగిన మత్స్యకారులకు బయటివాడైన బార్ నాయకుడయ్యాడు.

పందేలు న్యూజెర్సీ తీరంలోని శాండీ హుక్ వద్ద బయటి సముద్రంలో జరిగాయి. ఐదు పందేలలో మూడు గెలిచినవారు విజేతలు. ఒక్కొక్క పందెం దూరం 30 నాటికల్ మైళ్లు. దానిని ఐదున్నర గంటలలో ముగించకపోతే ఆ పందెం చెల్లదు. అక్టోబరు 3 నుండి గాలి లేక, పొగమంచు వల్ల పందెం పలుమార్లు రద్దయింది. చివరకు అక్టోబరు 16న కొలంబియా 10 నిమిషాల 8 సెకన్ల తేడాతో గెలిచింది. మరునాడు షామ్‌రాక్ పై స్తంభం విరిగిపోయింది. అక్టోబరు 20న కొలంబియా 6 నిమిషాల 34 సెకన్ల తేడాతో గెలిచి పోటీని ముగించింది.

1901: పాత పడవ, కొత్త పడవ

బార్ ప్రతిభను నిర్ద్వంద్వంగా రుజువు చేసినది 1901వ సంవత్సరం. లిప్టన్ మళ్ళీ సవాలు విసరగా న్యూయార్క్‌లో ఆగస్ట్ బెల్‌మంట్ తదితరుల పెట్టుబడితో హెరెషాఫ్ కాన్‌స్టిట్యూషన్ అనే కొత్త పడవను నిర్మించాడు. అది కొలంబియా కంటే వేగంగా పోవాలన్నది లక్ష్యం. దానికి సారథి యురియా రోడ్స్. కొలంబియాను ఎడ్విన్ మోర్గాన్ నిర్వహణలో పోటీదారుగా సిద్ధం చేసి మళ్ళీ బార్‌కే అప్పగించారు. పాత పడవ కొత్తదానికి సానపెట్టే రాయి మాత్రమేనని అందరూ భావించారు.

ఎంపిక పందేలలో ఫలితం తారుమారయింది. కాన్‌స్టిట్యూషన్ తెరచాపలు సరిగా కుదరలేదు. అంతకు మించి పందెం ఆరంభంలోనే బార్ ఆధిక్యం సంపాదించేవాడు. తెరచాప పడవల పందెం నిలబడిన చోటు నుండి మొదలు కాదు. తుపాకీ మోగడానికి ముందు పడవలు ఆరంభ రేఖ వెనుక అటూ ఇటూ తిరుగుతూ, సరిగ్గా ఆ క్షణానికి పూర్తి వేగంతో రేఖను దాటడానికి ప్రయత్నిస్తాయి. ఏ పడవకు దారి ఇవ్వాలి అన్న విషయంలో కచ్చితమైన నియమాలుంటాయి. బార్ ఆ నియమాలను క్షుణ్ణంగా ఎరిగి, వాటి అంచు వరకు పడవను నడిపేవాడు. ఢీకొంటే అపార నష్టం కలిగే చోట కూడా తన దారిని వదిలేవాడు కాదు. రోడ్స్ వెనక్కి తగ్గేవాడు. ఈ ధైర్యానికి బార్ వ్యక్తిత్వం ఒక్కటే కారణం కాదు. తాను ఆజ్ఞ ఇచ్చిన మరుక్షణం తెరచాపల తాళ్లు సడలుతాయని, లేదా బిగుస్తాయని ఆయనకు నమ్మకం. ఆ నమ్మకం లేని సారథి అంత దగ్గరగా పడవను నడపలేడు.

క్లబ్ సమితి చివరకు పాత కొలంబియానే ఎంపిక చేసింది. దీనితో వేర్వేరు పోటీలలో రెండుసార్లు కప్పును కాపాడిన మొదటి పడవగా అది చరిత్రకెక్కింది.

లిప్టన్ కొత్త పడవ షామ్‌రాక్ 2ను వాట్సన్ రూపొందించాడు. ఎడ్వర్డ్ సైకమోర్ దానికి సారథి. అమెరికా అధ్యక్షుడు విలియం మెకిన్లీ సెప్టెంబరులో హత్యకు గురికావడంతో పందేలు కొద్దిరోజులు వాయిదా పడ్డాయి. సెప్టెంబరు 28న జరిగిన పందెంలో కొలంబియా 1 నిమిషం 20 సెకన్ల తేడాతో గెలిచింది. అక్టోబరు 3న రెండవ విజయం లభించింది. అక్టోబరు 4 నాటి చివరి పందెంలో షామ్‌రాక్ 2 ముగింపు రేఖను రెండు సెకన్లు ముందుగా దాటింది. కాని కొలతల రీత్యా పెద్ద పడవ చిన్నదానికి కొంత కాలాన్ని మినహాయింపుగా ఇవ్వాలి. ఆ లెక్క ప్రకారం షామ్‌రాక్ 2 కొలంబియాకు 43 సెకన్లు ఇవ్వవలసి ఉండగా, విజయం 41 సెకన్ల తేడాతో కొలంబియాకు దక్కింది. ముప్పై మైళ్ల పందెంలో ఇంత స్వల్పమైన తేడాను నిర్ణయించేది ఒక తెరచాపను ఎంత త్వరగా ఎత్తారు, ఒక మలుపును ఎంత శుభ్రంగా తిప్పారు అన్న విషయాలే.

1903: రిలయన్స్

మూడవ సవాలుకు జవాబుగా హెరెషాఫ్ నిర్మించిన రిలయన్స్ అమెరికాస్ కప్ చరిత్రలో అతి పెద్ద పడవలలో ఒకటి. దాని మొత్తం పొడవు సుమారు 144 అడుగులు. ముందుకు పొడుచుకువచ్చిన దూలం కొస నుండి, వెనుకకు సాగిన అడుగు దూలం కొస వరకు 200 అడుగులకు పైబడి ఉండేది. తెరచాపల మొత్తం వైశాల్యం సుమారు 16,000 చదరపు అడుగులు. ఇంతటి వస్త్రభారమంతా ఒకే స్తంభం మీద నిలిచేది. ఉక్కు చట్రానికి కంచు రేకులు తాపడం చేసిన ఈ పడవను కేవలం పందెం కోసమే నిర్మించారు.

ఇంత పెద్ద యంత్రాన్ని నడపడానికి అరవై మందికి పైగా సిబ్బంది అవసరమయ్యారు. వీరిలో అధికులు స్కాండినేవియా దేశాలవారు. ఆ కాలపు పెద్ద పందెపు పడవలలో పని విభజన స్థూలంగా ఈ విధంగా ఉండేది.

సారథి చుక్కాని వద్ద ఉండి పడవను నడుపుతాడు. గాలి, అలలు, ప్రత్యర్థి పడవ, తన తెరచాపల తీరు అన్నింటినీ ఏకకాలంలో గమనిస్తూ ఆజ్ఞలిస్తాడు.

వెనుక భాగంలోని సలహాదారులు కాలాన్ని లెక్కించడం, దిశను సరిచూడడం, ప్రత్యర్థి కదలికలను గమనించడం చేస్తారు. నిర్వాహకుడు ఇజెలిన్ భార్య హోప్ ఇజెలిన్ 1899లోను, 1903లోను పందేల సమయంలో పడవ మీద ఉంది. ఆ కాలంలో ఇది అరుదైన విషయం.

మొదటి మేట్ పడవ ముందు భాగానికి బాధ్యుడు. సారథి ఆజ్ఞను అక్కడి నావికుల చేత అమలు చేయిస్తాడు. రెండవ మేట్ స్తంభం పరిసరాలలోని పనులను చూస్తాడు. వారి కింద బోసన్‌లు తాళ్లు, కప్పీలు, తెరచాపల బాగోగులు చూసేవారు.

స్తంభం పైకెక్కే నావికులు పందెం సాగుతుండగా ఎంతో ఎత్తున ఉండి పై తెరచాపలను సరిచేస్తారు. పడవ ఒరిగినప్పుడు వారు నేరుగా సముద్రం మీద వేలాడుతున్నట్లుండేది. ముందు దూలం మీది నావికులు అలలలో మునుగుతూ తేలుతూ ముందు తెరచాపలను మారుస్తారు.

మిగిలినవారు తాళ్లు లాగే బృందాలు. పని లేనప్పుడు వీరు గాలి వీచే వైపు అంచున వరుసగా బోర్లా పడుకునేవారు. దానివల్ల పడవ ఒరుగు తగ్గేది, గాలికి అడ్డు ఉండేది కాదు. రిలయన్స్‌లో తాళ్లు చుట్టే చక్రాలలో కొన్నింటిని హెరెషాఫ్ డెక్కు కింద అమర్చాడు. అక్కడ పనిచేసేవారికి సముద్రం గాని, తెరచాప గాని కనిపించవు. పైనుండి వచ్చిన ఆజ్ఞను నమ్మి లాగడమే వారి పని. వంటవారు, సేవకులు కూడా సిబ్బందిలో భాగమే.

ఈ ఏర్పాటులో ఒకే ఆజ్ఞకు పదుల సంఖ్యలో చేతులు ఒకేసారి కదలాలి. ఒక బృందం ఆలస్యమైతే తెరచాప చిరగవచ్చు, స్తంభం విరగవచ్చు, మనిషి ప్రాణం పోవచ్చు. కాబట్టి బార్ అభ్యాసానికి అధిక ప్రాధాన్యమిచ్చాడు.

షామ్‌రాక్ 3ను ఫైఫ్ రూపొందించగా రాబర్ట్ రింజ్ నడిపాడు. 1903 ఆగస్టు 22న రిలయన్స్ 7 నిమిషాల 3 సెకన్ల తేడాతోను, ఆగస్టు 25న 1 నిమిషం 19 సెకన్ల తేడాతోను గెలిచింది. సెప్టెంబరు 3న దట్టమైన పొగమంచు కమ్మింది. రిలయన్స్ ఆ మంచులో నుండి ముగింపు రేఖను చేరుకుంది. షామ్‌రాక్ 3 దారి తప్పి రేఖను దాటలేకపోయింది. దీనితో బార్ వరుసగా మూడవసారి విజేత అయ్యాడు.

నాయకత్వ పద్ధతి

బార్ పొట్టి మనిషి. మీసకట్టుతో, చక్కని దుస్తులతో, మితభాషిగా కనిపించేవాడు. క్రమశిక్షణ విషయంలో కఠినుడు. ఆయన పనితీరులో మూడు అంశాలు ప్రముఖంగా కనిపిస్తాయి.

మొదటిది, స్థిరమైన సిబ్బంది. తన పద్ధతి తెలిసిన మేట్‌లను, నావికులను వీలైనంతవరకు ఒక పడవ నుండి మరొక పడవకు వెంట తీసుకువెళ్ళేవాడు. కొత్త పడవకు పాత జట్టు దొరకడం వల్ల అభ్యాసకాలం ఆదా అయ్యేది. ఆయన వద్ద మేట్‌గా పనిచేసిన క్రిస్ క్రిస్టెన్సెన్ తరువాతి కాలంలో స్వయంగా పేరున్న యాట్ కెప్టెన్ అయ్యాడు.

రెండవది, బాధ్యతల స్పష్టత. ప్రతి నావికునికి ప్రతి విన్యాసంలోను నిర్ణీతమైన స్థానం ఉండేది. అందువల్ల అరుపులు, గందరగోళం తగ్గేవి.

మూడవది, ఆజ్ఞ విషయంలో రాజీపడకపోవడం. సలహాదారుల మాట వినేవాడు. రూపకర్తకు గౌరవమిచ్చేవాడు. కాని పడవ కదలికకు సంబంధించిన తుది నిర్ణయం చుక్కాని వద్దనే జరగాలన్నది ఆయన పద్ధతి. అందుకు యజమానులు కూడా అంగీకరించారు. ఓడితే నింద సారథిదే కాబట్టి అధికారమూ అతనిదే కావడం సమంజసమని ఆయన విజయాలు చూపాయి.

ఈ పద్ధతికి ఒక పరిమితి కూడా ఉంది. బార్ ఎంత గొప్ప సారథి అయినా జీతగాడే. పడవను నిర్మించాలా, ఏ పోటీకి పంపాలా, ఎప్పుడు అమ్మాలా అన్న విషయాలలో ఆయన ప్రమేయం ఉండేది కాదు. కప్పు మీద క్లబ్‌కు, పడవ మీద యజమానికి హక్కు. సారథికి దక్కేది వేతనం, కానుకలు, పేరు మాత్రమే. అరవై మందికి పైగా సిబ్బంది గల రిలయన్స్‌ను కూడా ఒక వేసవి పోటీ తరువాత పక్కన పెట్టి, 1913లో తుక్కుగా మార్చారు.

1905: అట్లాంటిక్ మహాసముద్ర పందెం

జర్మనీ చక్రవర్తి రెండవ విల్‌హెల్మ్ 1905లో అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటే పందానికి ఒక కప్పును ప్రకటించాడు. శాండీ హుక్ నుండి ఇంగ్లాండు నైరుతి కొసన ఉన్న లిజార్డ్ అంతరీపం వరకు సుమారు 3,000 నాటికల్ మైళ్ల దూరం. అమెరికా, బ్రిటన్, జర్మనీలకు చెందిన 11 పడవలు పాల్గొన్నాయి. విల్సన్ మార్షల్ అనే ధనవంతుని స్కూనర్ అట్లాంటిక్‌కు బార్ సారథి. విలియం గార్డ్‌నర్ రూపొందించిన ఈ పడవ పొడవు సుమారు 185 అడుగులు. యజమాని, ఆయన అతిథులు కూడా పడవ మీద ఉన్నారు.

తీరం వద్ద కొద్ది గంటలు సాగే పందెానికి, రాత్రింబవళ్లు సాగే ఈ పందానికి ఎంతో తేడా ఉంది. ఇక్కడ సిబ్బందిని వంతులుగా విభజించి, అలసట లేకుండా చూడాలి. తెరచాపలు, తాళ్లు చివరివరకు నిలవాలి. ఎంత గాలిలో ఎంత తెరచాప ఉంచాలి అన్నది ప్రతి గంటా తీసుకోవలసిన నిర్ణయం. ఎక్కువ ఉంచితే స్తంభాలు విరుగుతాయి, తక్కువ ఉంచితే పందెం పోతుంది.

పడవలు మే 17న బయలుదేరాయి. ప్రయాణ మధ్యలో తీవ్రమైన తుఫాను గాలి వీచింది. యజమాని భయపడి వేగం తగ్గించమని కోరగా, తనను నియమించినది పందెం గెలవడానికేనని చెప్పి బార్ నిరాకరించాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ మాట ఎలా ఉన్నా, బార్ గాలి ఉధృతిలో కూడా పడవను పరుగెత్తించిన సంగతి వేగమే చెబుతుంది. అట్లాంటిక్ ఒకే రోజులో 341 మైళ్లు ప్రయాణించింది. మే 29 రాత్రి లిజార్డ్‌ను దాటింది. రెండవ స్థానం పొందిన జర్మన్ పడవ హాంబర్గ్ దాదాపు ఒక రోజు తరువాత చేరింది.

అప్పటివరకు ఉన్న రికార్డు 1900లో ఎండిమియన్ అనే స్కూనర్ పేరున ఉన్న 13 రోజుల 20 గంటల పైచిలుకు కాలం. బార్ దానిని ఒకటిన్నర రోజులకు పైగా తగ్గించాడు. ఈ రికార్డును 1980లో ఫ్రెంచి నావికుడు ఎరిక్ తాబర్లీ పాల్ రికార్ అనే ఆధునిక మూడు పొట్టల పడవతో అధిగమించాడు.

చక్రవర్తి ఇచ్చిన కప్పు మేలిమి బంగారమని అందరూ భావించారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో మార్షల్ దానిని రెడ్‌క్రాస్ నిధికి ఇచ్చినప్పుడు, అది బంగారు పూత పూసిన సామాన్య లోహమని బయటపడింది.

చివరి సంవత్సరాలు, మరణం

అంతకుముందు 1904లో మోర్టన్ ప్లాంట్ అనే యజమాని తన ఇంగోమార్ స్కూనర్‌ను ఐరోపా పందేలకు పంపగా, బార్ దానిని నడిపి పలు విజయాలు సాధించాడు. 1910లో అలెగ్జాండర్ స్మిత్ కొక్రన్ కోసం హెరెషాఫ్ వెస్ట్‌వర్డ్ అనే గొప్ప స్కూనర్‌ను నిర్మించాడు. బార్ దానితో మళ్ళీ అట్లాంటిక్‌ను దాటి, జర్మనీలోని కీల్ రేవు వద్ద చక్రవర్తి పడవ మీటియర్, మరొక మేటి పడవ గెర్మానియాలతో తలపడి గెలిచాడు. ఇంగ్లాండు దక్షిణ తీరంలోని పందేలలోను వెస్ట్‌వర్డ్ రాణించింది.

1911 జనవరి 24న ఇంగ్లాండులోని సౌతాంప్టన్‌లో బార్ గుండెపోటుతో హఠాత్తుగా మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 46 సంవత్సరాలు. సారథిగా ఆయన పేరు శిఖరస్థాయిలో ఉన్న సమయమది.

ప్రభావం

బార్ మరణానంతరం జరిగిన మొదటి అమెరికాస్ కప్ పోటీ 1920లో జరిగింది. ఆ పోటీలో అమెరికా పడవ రెజల్యూట్ చుక్కానిని చార్లెస్ ఫ్రాన్సిస్ ఆడమ్స్ పట్టాడు. ఆయన జీతానికి పనిచేసే నావికుడు కాదు, క్లబ్ సభ్యుడు. అవతలి పడవను కూడా ఔత్సాహికుడే నడిపాడు. వృత్తి సారథుల చేతి నుండి చుక్కాని యజమానుల వర్గం చేతికి మారింది. 1930, 1934, 1937 సంవత్సరాలలో వరుసగా మూడుసార్లు గెలిచిన హెరాల్డ్ వాండర్‌బిల్ట్ స్వయంగా కోటీశ్వరుడు.

20వ శతాబ్ది చివరి దశాబ్దాలలో పరిస్థితి మళ్ళీ మారింది. పెట్టుబడిదారు ఒకరు, సారథి మరొకరు, జీతం తీసుకునే నిపుణుల జట్టు వేరొకటి అన్న ఏర్పాటు తిరిగి వచ్చింది. హెల్మ్స్‌మన్, వ్యూహకర్త, తెరచాపలు సవరించే ట్రిమ్మర్, చక్రాలు తిప్పే గ్రైండర్ వంటి పేర్లతో బాధ్యతలు స్థిరపడ్డాయి. న్యూజిలాండుకు చెందిన రసెల్ కూట్స్ 1995, 2000, 2003లో సారథిగాను, పీటర్ బర్లింగ్ 2017, 2021, 2024లో చుక్కాని పట్టినవాడుగాను మూడేసి వరుస విజయాలు సాధించారు. వీరిద్దరూ బార్ వలె వృత్తి నావికులే.

అమెరికా రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని బ్రిస్టల్‌లో, హెరెషాఫ్ నౌకానిర్మాణశాల ఉన్న చోట ఏర్పడిన మ్యూజియంలో రిలయన్స్ నమూనాను ఆరవ వంతు పరిమాణంలో నిర్మించి ప్రదర్శించారు. అక్కడి అమెరికాస్ కప్ ప్రముఖుల పట్టికలో పడవల యజమానులు, రూపకర్తల సరసన చార్లీ బార్ పేరు చేరింది.